తాగనివాడి కాలేయం

మా పత్తికొండ పేరు చరిత్ర పుస్తకాల్లోకి ఒక చావు మూలంగా ఎక్కింది. దత్త మండలాలకు ప్రధాన కలెక్టరుగా పనిచేసి, ఆ తర్వాత మద్రాసు గవర్నరైన సర్ థామస్ మన్రో 1827 జూలై 6న మా ఊళ్ళోనే కలరా తగిలి కన్నుమూశాడు. ఆయన జ్ఞాపకంగా సర్కారు తోపు వేయించి, బావి కట్టించింది. అంతటి గవర్నరును ఒక్క రోజులో ఎత్తుకుపోయిన జబ్బు ఎందుకు వస్తుందో ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు. అమ్మవారి కోపమన్నవాళ్ళున్నారు, రోగి చేసుకున్న పాపమన్నవాళ్ళున్నారు. దోషం నీళ్ళలో ఉందని 1854లో లండనులో జాన్ స్నో చూపించాడు. 1884లో రాబర్ట్ కాక్ ఆ క్రిమిని పట్టి లోకానికి చెప్పాడు. తెలిశాక జనం రోగిని తిట్టడం మాని, నీళ్ళు బాగుచేసుకోవడం మొదలుపెట్టారు.

ఈ పాత కథ ఇప్పుడెందుకంటారా? ఆ తోపున్న ఊళ్ళోనే, మా ఇంట్లోకి ఇంకొక జబ్బు వచ్చింది. అది ఎందుకు వస్తుందో ఇప్పుడు సైన్సుకు చాలా మట్టుకు తెలుసు. అయినా మనం మాత్రం ఇంకా రోగిని తిట్టే దశలోనే ఉన్నాం.

పోయిన ఎండాకాలం సెలవుల్లో నడుము పక్క నొప్పి లేస్తే, రాయేమోనని కర్నూలుకు పోయి స్కానింగు తీయించుకున్నాను. రాయి లేదు. కాగితం అడుగున మాత్రం ఒక వరుస ఉంది: "గ్రేడ్ వన్ ఫ్యాటీ లివర్." డాక్టరు దాన్ని చూసి, "ఇది ఇప్పుడందరికీ ఉంటుంది, కొంచెం ఒళ్ళు తగ్గించు" అని ఒక్క మాట చెప్పి తర్వాతి టోకెను పిలిచాడు. ఆయనకు అది ఒక్క మాట. ఆ కాగితం ఇంటికి తెచ్చినాక ఏం జరిగిందో ఆయనకు తెలియదు.

నాయన కాగితమంతా తిప్పి తిప్పి చూసినాడు. ఆయనకు అందులో అర్థమైంది ఒకటే పదం, లివరు. మా వీధిలో లివరు చెడి పోయినవాళ్ళు ఇద్దరున్నారు, ఇద్దరూ సారాతో పోయినవాళ్ళే. "ఏమ్రా, సదువుకోమని పంపిస్తే తాగుతాండావా?" అన్నాడు. నేను ఒట్టు పెట్టుకున్నాను. ఆయన నమ్మలేదు. అమ్మ పొయ్యి దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. అవ్వ మాత్రం నన్ను వెనకేసుకొచ్చింది గానీ, ఆమె దారి వేరే. "వానికి యాడనో కామెర్లు తగిలింటాయిలే. పసరు పోయిస్తే పోతాది" అంది. మూడో రోజుకు ఊళ్ళో మాట పాకింది. టమోటా గంపలు ఎత్తడానికి మార్కెట్టుకు పోతే, తెలిసినాయన ఒకడు నా భుజం తట్టి, "చిన్న వయసు, మానుకో నాయనా" అని బుద్ధి చెప్పి పోయినాడు. జన్మలో ఒక్క చుక్క ముట్టనివాడికి జరిగిన సన్మానమిది!

మిత్రులారా, నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ సన్మానమే. నా ఒక్కడి గోడు చెప్పుకోవడానికైతే సంఘం వారి పత్రికలో ఇన్ని పేజీలు అడిగేవాణ్ణి కాను. మన హాస్టలు గదుల్లో ఈ జబ్బున్నవాళ్ళు, ఉందని తెలియనివాళ్ళు, తెలిసి సిగ్గుతో దాచుకున్నవాళ్ళు ఉన్నారని నాకు గట్టి నమ్మకం.

అసలు ఇదేమిటి?

కాలేయం మన దేహంలో సుమారు కిలోన్నర బరువుండే అవయవం. దాని కణాలలో 5 శాతాన్ని మించి కొవ్వు పేరుకుంటే ఫ్యాటీ లివర్ అంటారు. మద్యం వల్ల ఇది వస్తుందన్న మాట నిజమే. కానీ తాగనివాళ్ళ కాలేయం కూడా అచ్చం తాగుబోతుల కాలేయంలాగే మారవచ్చునని 1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో లుడ్విగ్ అనే వైద్యుడు, ఆయన సహచరులు రాశారు. ఆ తర్వాత దీనికి "నాన్ ఆల్కహాలిక్" అన్న పేరు స్థిరపడింది. 2023లో అంతర్జాతీయ వైద్య సంఘాలు కూడి ఆ పేరునూ మార్చాయి. పేరులో మద్యం ప్రస్తావన ఉండడం, "ఫ్యాటీ" అని మనిషిని ఎత్తిపొడిచినట్టుండడం రోగికి అవమానంగా ఉంటున్నదని వారు గుర్తించారు. ఇప్పుడు దాన్ని జీవక్రియల లోపంతో ముడిపడిన కాలేయపు కొవ్వుజబ్బు అని చెప్పాలి. సైంటిస్టులే సిగ్గు సంగతి ఆలోచించి పేరు మార్చుకున్నారు గదా, మనం చూపు మార్చుకోలేమా?

ఈ కొవ్వు ఎక్కడినుంచి వస్తుంది? నూనె తిన్నందుకే అని అందరమూ అనుకుంటాం. ఫ్యాటీ లివర్ రోగుల మీద జరిగిన ఒక అధ్యయనం 2005లో వెలువడింది. కాలేయంలో చేరిన కొవ్వులో దాదాపు 59 శాతం ఒంట్లోని కొవ్వు నిల్వలనుంచి రక్తంలోకి కారినది. 26 శాతం కాలేయం తానే కొత్తగా తయారుచేసుకున్నది, ముఖ్యంగా మనం మితిమీరి తినే పిండిపదార్థాలనుంచి, చక్కెరలనుంచి. అన్నంతోపాటు నేరుగా తిన్న కొవ్వునుంచి వచ్చింది 15 శాతమే. అంటే వేపుడు మానేసి, రెండు కుంభాల అన్నం తిని, పైన ఒక కూల్‌డ్రింకు తాగితే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. ఇన్సులిన్ మాట కణాలు వినడం మానేయడమే దీని మూలం. చక్కెర జబ్బుకూ మూలం అదే. అందుకే ఈ రెండూ అన్నదమ్ముల్లా ఒకరి వెంట ఒకరు వస్తాయి.

ఇంకొక గందరగోళం ఉంది. స్కానింగులో రాసే గ్రేడు వేరు, జబ్బు దశ వేరు. గ్రేడు ఒకటి, రెండు, మూడు అన్నది కొవ్వు ఎంత కనబడుతున్నదో చెబుతుంది. కాలేయం ఎంత మచ్చబడి గట్టిపడిందో చెప్పేది దశ. సున్నా నుంచి నాలుగు వరకు ఉండే ఆ దశలలో నాలుగోది సిరోసిస్. ఆయుర్దాయాన్ని తేల్చేది ఈ రెండోదే. దాన్ని వయసు, రెండు ఎంజైములు, ప్లేట్‌లెట్ల లెక్కతో వేసే ఫిబ్-4 అనే చిన్న గుణింతంతోను, కాలేయపు బిరుసును కొలిచే ఫైబ్రోస్కానుతోను అంచనా వేస్తారు. ఫిబ్-4 మనలాంటి 35 ఏళ్ళ లోపు వాళ్ళలో సరిగ్గా పనిచేయదు గనుక, దాన్ని ఎవరికి వారు లెక్కగట్టుకొని ధైర్యపడడమూ వద్దు, బెంగపడడమూ వద్దు. ఇందులో ఎక్కువమందికి సిరోసిస్ దాకా పోదు. ఈ రోగులను ఎక్కువగా బలిగొనేది గుండెజబ్బు. అందుచేత లివరు కాగితం చేతికొచ్చిందంటే షుగరు, బి.పి., కొలెస్ట్రాలు కూడా చూపించుకొమ్మని అది పిలుస్తున్నట్టు లెక్క.

కుర్చీల జబ్బేనా?

ఇది పట్నం జబ్బు, ఏసీ గదుల జబ్బు అని ఒక వాదన ఉంది. దానికి ఆధారమూ లేకపోలేదు. హైదరాబాదు విశ్వవిద్యాలయం పరిశోధకులు ఏ.ఐ.జి. ఆసుపత్రి వైద్యులతో కలిసి 345 మంది ఐ.టి. ఉద్యోగులను పరీక్షించి, వారిలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఉందని 2025లో ప్రకటించారు. దేశంలో జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2022లో లెక్కగట్టినవారికి పెద్దవాళ్ళలో ఈ జబ్బు 38 శాతానికి పైగా కనిపించింది.

అయితే పల్లెలకు లేదా? పశ్చిమ బెంగాల్‌లో పేద పల్లెజనం 1,911 మందిని పరీక్షించి 2010లో ఒక అధ్యయనం ప్రకటించారు. 8.7 శాతం మందికి ఉంది. వారిలో నాలుగింట మూడు వంతుల మందికి లావే లేదు! మన భారతీయులం పైకి సన్నగా కనిపించినా లోపల, ముఖ్యంగా పొట్టలో కొవ్వు దాచుకునే రకం. పుట్టుకతోనే మన బిడ్డలు బరువు తక్కువ, కొవ్వు ఎక్కువగా ఉంటారని పుణేలో డాక్టర్ యాజ్ఞిక్ బృందం చూపించింది. అందుకే మనకు కొలతలు వేరు. బి.ఎం.ఐ. 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకూడదు. దర్జీ టేపు ఉంటే చాలు, ఎవరైనా చూసుకోవచ్చు.

మా రైతుల ఇండ్ల సంగతి చూడండి. మా తాత కాలాన పొద్దు పొడవకముందే గుంటక కట్టేవాళ్ళు. ఇప్పుడు దుక్కికి ట్రాక్టరు, చేనికి పోవడానికి మోటారు సైకిలు. బోరు మోటారు వేయడానికి చేనిదాకా పోనక్కరలేదు, మంచంలో పడుకొని సెల్‌ఫోను నొక్కితే నీళ్ళు పారతాయి. మంచిదే, నడుములు విరగ్గొట్టుకొనే ఆ కష్టం తిరిగి రావాలని నేను కోరను. కానీ కష్టం తగ్గినంతగా కంచంలో కుప్ప తగ్గలేదు. పైగా కుప్ప రంగు మారింది. మా అవ్వ చిన్నతనంలో వరి బువ్వ పండగనాటి మాట. రోజూ జొన్నరొట్టె, కొర్రబువ్వ, సంగటి, ఊరిబిండి, పుంటికూర, ఉలవచారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. కరువు సీమలో ఆ బియ్యం ఆకలి తీర్చింది, దాన్ని తప్పుపట్టే హక్కు కడుపు నిండినవాడికి లేదు. అయితే ఆకలి తీరిన తర్వాత కూడా మనం బియ్యం దగ్గరే ఆగిపోయాం. నంద్యాల పరిశోధనా స్థానం సూర్యనంది వంటి కొర్ర వంగడాలిచ్చింది, 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరమని జరిపింది. మన హాస్టలు కంచంలోకి మాత్రం అవి రాలేదు.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. కొర్రలు తింటే లివరు కడిగినట్టవుతుందని ప్రచారం చేసేవాళ్ళను నమ్మకండి. కొర్రలో పీచు ఉంది, నెమ్మదిగా అరుగుతుంది, కొద్దిగా తింటేనే కడుపు నిండుతుంది. అంతే దాని మహిమ. మూడు కంచాల కొర్రబువ్వ తింటే అదీ కొవ్వే అవుతుంది. అవ్వ చెప్పిన పసరు సంగతీ అంతే. 2021లో ముంబాయి వైద్యులు తిప్పతీగ వాడిన తర్వాత కాలేయం దెబ్బతిన్న ఆరుగురు రోగుల వివరాలు ప్రకటించారు. ఆకు అన్నంత మాత్రాన అమృతం కాదు. అవ్వకు నేను ఎదురు చెప్పలేదు. "అవ్వా, పసరు వద్దు, నీ చేతి రొట్టె పెట్టు" అన్నాను. ఆమెకు కోపం రాలేదు.

నా లెక్క

కాలేజీలో చేరినప్పుడు నా బరువు 64 కిలోలు. స్కానింగు నాటికి 78. ఎత్తు 168 సెంటీమీటర్లు, అంటే బి.ఎం.ఐ. 27 దాటింది. నడుము 96. రెండున్నరేళ్ళలో 14 కిలోలు నేను ఎక్కడ సంపాదించాను? పొద్దున ఉగ్గాని బజ్జి, మధ్యాహ్నం పప్పు నీళ్ళతో అన్నం కుప్ప, సాయంత్రం మిరపకాయ బజ్జీలు, రాత్రి మళ్ళీ కుప్ప, పరీక్షల రాత్రుళ్ళు కూల్‌డ్రింకులు. ఒక 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో దాదాపు 25 గ్రాముల పంచదార ఉంటుంది. రోజంతటికీ అంతకు మించకుంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన మోతాదు ఆ ఒక్క సీసాతోనే అయిపోతుంది.

రెండోసారి ఇంకొక డాక్టరు దగ్గరికి పోయినాను. ఆయన పావుగంట కూర్చోబెట్టి చెప్పినాడు. మందు అక్కరలేదన్నాడు. 2024 మార్చిలో ఒకటి, 2025 ఆగస్టులో ఒకటి, ఈ జబ్బుకు రెండు మందులను అమెరికా ప్రభుత్వం అనుమతించింది గానీ, అవి కాలేయం వాచి, మచ్చలు ముదురుతున్నవారికి. నావంటివాడికి మందు బరువు తగ్గడమే. 5 శాతం తగ్గితే కొవ్వు కరుగుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు పోతుంది, 10 దాటితే మచ్చలు కూడా వెనక్కి మళ్ళే అవకాశం ఉంది. క్యూబాలో 293 మంది రోగులను ఏడాదిపాటు చూసిన అధ్యయనం 2015లో వెలువడింది. 10 శాతం తగ్గినవారిలో నూటికి 90 మందికి వాపు పోయింది, 45 మందికి మచ్చలు తగ్గాయి. ఈ వార్త విని నేను ఎగిరి గంతేశాను. తర్వాత తెలిసింది, 293 మందిలో ఆ 10 శాతం అందుకున్నవాళ్ళు 29 మందే!

ఆ 29 అన్న అంకె మీదనే నేను చాలా రోజులు ఆలోచించాను. మిగతా 264 మంది సోమరులా? తిండిపోతులా? కాదు. వాళ్ళు తిరిగి అదే వంటింటికి, అదే పనికి, అదే వీధికి పోయి ఉంటారు. ఒక్కడు తన కంచం మార్చుకోవడం ఎంత కష్టమో నాకు తెలిసివచ్చింది. చుట్టాల ఇంటికి పోయి రెండో మారు వద్దంటే, "మా ఇంటి బువ్వ రుచించలేదా?" అంటారు. హాస్టల్లో సీసా వద్దంటే "స్వామీజీ" అని పేరు పెడతారు. కాబట్టి ఈ జబ్బు రోగి ఒక్కడి తప్పు కాదు. ఒక్కడికే వదిలేస్తే తగ్గేదీ కాదు. ఇదే నా వాదన.

నా విషయంలో ఏం జరిగిందో చెప్పి ముందుకు పోతాను. ఇంట్లోవాళ్ళు కూడా చూపించుకోవడం మంచిదని ఆ డాక్టరు చెప్పినందువల్ల నాయనను బలవంతాన తీసుకుపోయినాను. ఆయన సన్నటి మనిషి, కొంచెం పొట్ట తప్ప కండే గాని కొవ్వు కనబడదు. షుగరు అంచున ఉందని తేలింది. తిరుగు బస్సులో ఆయన ఏమీ మాట్లాడలేదు. పత్తికొండలో దిగినాక, "నువ్వు తాగవని నాకు తెలుసులేరా" అన్నాడు. మరునాటినుంచి మోటారు సైకిలు ఇంటి ముందర పెట్టి చేనికి నడిచి పోతున్నాడు, పోను రాను అయిదు కిలోమీటర్లు. రాత్రి పూట ఇంట్లో అందరికీ జొన్నరొట్టె. అమ్మ నాకోసం వేరే వండడం లేదు, నా తిండే అందరి తిండి అయింది. నాలుగు నెలల్లో నేను 73 కిలోలకు వచ్చాను. నడుము 91. 5 శాతం దాటాను, 7 ఇంకా అందలేదు. హాస్టలుకు తిరిగి వచ్చిన నెల ఒక్క గ్రాము తగ్గలేదు. ఇంటికీ హాస్టలుకూ తేడా అక్కడ తేలిపోయింది.

మనం చేయగలిగింది

మన ప్రభుత్వం 2021 ఫిబ్రవరిలో ఈ జబ్బును చక్కెర, గుండెజబ్బులను చూసే జాతీయ కార్యక్రమంలో చేర్చింది. 2024 సెప్టెంబరులో సవరించిన మార్గదర్శకాలు విడుదల చేసింది. కాగితం మీద దారి ఉంది. నడవవలసింది మనం. విద్యార్థి సంఘం వారికి నేను పెట్టే విన్నపాలు నాలుగే, ఖర్చు తక్కువవి.

ఒకటి. సంఘం జరిపే కొత్త విద్యార్థుల స్వాగత సభలకు, వీడ్కోలు సభలకు కూల్‌డ్రింకులు బందు చేసి మజ్జిగ పోయించండి. ఖర్చు కూడా తగ్గుతుంది.

రెండు. హాస్టలు మెస్సులో వారానికి రెండు పూటలు కొర్రగాని జొన్నగాని రాగిగాని, రోజూ పప్పు చిక్కగా, కూర గరిటెడు ఎక్కువగా ఉండేట్టు అడగండి. కొర్రలు బియ్యం కన్నా ప్రియం గదా, స్కాలర్‌షిప్పు పిల్లలు ఎక్కడ తెస్తారని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. మా పొలాల్లో పండించే రైతుకు గిట్టుబాటు లేక కొర్ర వేయడం మానేశాడు, పట్నం కొట్లో అదే కొర్ర ప్యాకెట్టుకెక్కి మనకందకుండా పోయింది. నడుమనున్నవాళ్ళను తప్పించి, రైతు దగ్గరే నేరుగా కొంటే ఇద్దరికీ గిట్టుతుంది. రైతుబిడ్డలు ఇంతమందిమి ఉన్నాం, ఆ ఏర్పాటు చేయలేమా?

మూడు. ఆటస్థలం టీములకు మాత్రమే కాదు. వారానికి 150 నిమిషాలు చెమటపట్టే నడక చాలునని వైద్యులు చెబుతున్నారు. రాత్రి ఎనిమిదింటిదాకా ఒక దీపం వెలిగించి గేటు తెరిచి ఉంచితే, ఆటలు రాని నావంటివాళ్ళు, ముఖ్యంగా ఆడపిల్లలు, నడుస్తారు.

నాలుగు. ఎన్.ఎస్.ఎస్. శిబిరం పెట్టిన ప్రతి యేటా ఒక టేపు, ఒక తూకం, ఒక బి.పి. మిషను పెట్టి అందరినీ కొలవండి. కొలతల చీటీ ఎవరిది వారికే ఇవ్వండి, గోడమీద అంటించవద్దు. ఆ తూకం కొనివ్వడానికి ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థులలో ఒకరు ముందుకు రాకపోరు.

అధ్యాపకులకూ ఒక మనవి. మాకు కాలేయం బొమ్మ గీయడం వచ్చు, దాని పనులు పది పాయింట్లుగా రాయడం వచ్చు. కానీ స్కానింగు కాగితం చేతికొచ్చిన రోజున నా చదువు నాకు ఒక్క వరుస కూడా అక్కరకు రాలేదు. పాఠంలో ఒక పది నిమిషాలు ఇలాంటి కాగితం చదవడం నేర్పండి.

ఇక నావలె కాగితం చేతబట్టుకొని ఎవరికీ చెప్పుకోలేక తిరుగుతున్న మిత్రుడికి ఒక మాట. తలవంచుకోవలసిన పని నువ్వేమీ చేయలేదు. కాలేయం మంచిది, అది తనను తాను బాగుచేసుకోగలదు, మనం దారి ఇస్తే చాలు. దాచుకోకు. ముందు ఇంట్లో చెప్పు, తర్వాత మంచి డాక్టరుకు చెప్పు. మద్యం జోలికి మాత్రం అసలే పోకు. ఎవరైనా భుజం తట్టి "మానుకో" అంటే, నాకు చేసిన సన్మానం గుర్తు తెచ్చుకొని నవ్వు. తర్వాత ఆయన నడుము గూడా ఒకసారి కొలిచి చూడు.

కలరా కాలంలో మా ఊరు బావి నీళ్ళను అనుమానించడం నేర్చుకుంది. ఇప్పుడు మనం కంచాన్ని అనుమానించడం నేర్చుకోవాలి, కంచం ముందు కూర్చున్న మనిషిని కాదు.

— తృతీయ బి.యస్సీ. విద్యార్థి, పత్తికొండ